గోడ మూల లిల్లీలు

ఖరగ్‌పూర్ రైల్వే ట్రాఫిక్ కాలనీలో కూల్చేయబోతున్న పాత క్వార్టర్ల వరసలో శామ్‌ది ఆఖరి ఇల్లు. మార్చి నెల, మిట్టమధ్యాహ్నం. సామానంతా ఖరిదాలోని అద్దె ఇంటికి చేరిపోయింది, పెరట్లో మొగుడూ పెళ్ళాం మాత్రం ఇంకా పేచీ పడుతూనే ఉన్నారు. ఆ పేచీ పూలమొక్కల గురించేనని పక్కింటివాళ్ళు నవ్వుకుంటున్నారు, పాపం వాళ్ళకేం తెలుసు.

“అవి ఒగ్గేయ్ ఏంజలిన్. చెప్తే వినవేటి?”

“గేటు కాడ పన్నెండు దుంపలు తవ్వినాను, ఏమీ అనలేదు. మెట్ల పక్కవి తవ్వితే గోనె నువ్వే పట్టుకున్నావు. ఈ మూలకొచ్చేసరికి ఒగ్గేయ్ అంటావేటి బావా?”

“పన్నెండు చాలవా? ఖరిదాలో చోటేది? అంతా సిమెంటే.”

“టబ్బులు కొన్నాను కదా.”

“టబ్బుల్లో ఇవి బతకవు.”

“గేటు కాడివి బతుకుతాయి, ఇవి బతకవా? అన్నీ ఒక్క తల్లి దుంపలే కదా. మీ అమ్మ పెళ్ళయి వచ్చినప్పుడు భీమిలి నుంచి ట్రంకుపెట్లో చీరల మధ్యన తెచ్చుకుంది. తెల్ల రేకు మీద ఎర్ర చార, ఇలాంటిది బజార్లో దొరకదే కోడలా, నువ్వే కాపాడాల అని ఎన్నిసార్లు చెప్పింది నాకు?”

“అమ్మ పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడామె మాటెందుకు?”

“ఈ మూలదే ముందు పూస్తంది, అందుకు. మిగతావాటికి ఇంకా ఆకే సరిగ్గా రాలేదు. దీనికి సూడు, రెండు కాడలు, నాలుగేసి మొగ్గలు. ఏటేసినావు దీనికి?”

“ఏమీ... ఏమీ ఎయ్యలేదు.”

“డ్యూటీ నుంచి రాగానే దీనికే నీళ్ళు పోస్తావు.”

“మొగ్గ మీదున్నదాన్ని కదపకూడదు. మాలీ దాదా చెప్పినాడు.”

“ఎప్పుడు?”

“చెప్పినాడులే.”

“మాలీ దాదా దుర్గాపూజకి ముందే ఊరెల్లిపోయినాడు బావా.”

“అంతకు ముందే చెప్పినాడు. ఆ తవ్వే ఖుర్పీ ఇటియ్యి.”

“ఇవ్వను.”

“ఆ మూల కరెంటు ఎర్తింగ్ ఉందే. ఇనుము తగిలితే—”

“ఇన్నేళ్ళు లేని ఎర్తింగ్ ఇప్పుడొచ్చినాదా?”

“నీతో ఏగలేను.”

“రేపు పొద్దున్నే మిషన్ వస్తాది. ఈ గోడ, ఈ మూల, అంతా పెల్లగించి లారీకెత్తేస్తారు. సూస్తా ఊరుకుంటావా?”

“నిన్న ఆఫీసుకెల్లినాను. ఈ మూల ఒక్కటీ ఒగ్గేయండి సార్ అని అడిగినాను.”

“ఏమన్నారు?”

“నవ్వినారు. పూలమొక్క కోసమా దాదా ఇంత గొడవ, అన్నారు.”

“నువ్వేమన్నావు?”

“ఏమంటాను.”

“వాళ్ళకి చెప్పలేనిది నాకు చెప్పు.”

“ఏటి చెప్పమంటావు? ఏటుంది చెప్పడానికి... తవ్వకు! ఏంజీ, నీకు దండం పెడతాను, అక్కడ తవ్వకు—”

“చెయ్యి ఒగ్గు బావా.”

“పాప ఉంది.”

“చెప్పు బావా.”

“మన పాప ఉంది అక్కడ. ఆగస్టులో... ఊపిరి లేకుండా పుట్టింది కదా, ఆస్పత్రోళ్ళు గుడ్డలో చుట్టి నా చేతికిచ్చినారు. నువ్వు మత్తులో ఉన్నావు. గోరీల దొడ్డి గేటు దాకా ఎల్లినాను. ఒకటే వాన. లోపలికి అడుగు పడలేదు ఏంజీ. అంత చిన్నదాన్ని, ఆ వానలో, ఒక్కర్తినీ ఒగ్గేసి ఎలా రాను? ఇంటికి తెచ్చేసినాను. అమ్మ లిల్లీల కింద అయితే ఇంట్లో ఉన్నట్టే కదా అనుకున్నాను. నీకు మాత్రం గోరీల దొడ్డిలో పెట్టినానని అబద్ధం చెప్పినాను.”

“ఇది మన ఇల్లు కాదు కదా బావా.”

“ఆ రోజు గుర్తు రాలేదు. నేను పుట్టింది ఇక్కడే. నాన్న సర్వీసు కాన్నుంచి మనకిదే నంబరు. ఇది క్వార్టరని, ఒకనాటికి ఒప్పజెప్పాలని బుర్రలోకే రాలేదు. నోటీసు అంటించిన రోజు తెలిసింది, ఏం పని చేసినానో.”

“ఏడవకు.”

“తిట్టు. కొట్టు. ఏటైనా అను.”

“సెప్టెంబర్లో నేనెల్లినాను గోరీల దొడ్డికి. నీకు చెప్పలేదు. కాపలా ఆయన్ని అడిగితే, పోయిన నెల్లో పసిబిడ్డనెవరూ తేలేదు దీదీ, అన్నాడు. ఇంటికొచ్చేసరికి నువ్వు డ్యూటీ బట్టల్తోనే ఈ మూల కూకున్నావు. మట్టి మీద చెయ్యేసుకుని.”

“అయితే... అప్పట్నుంచీ తెలుసా నీకు?”

“నువ్వే చెప్తావని సూసినాను. ఆరు నెల్లు సూసినాను.”

“తెలిసీ ఖుర్పీ ఎలా పట్టినావే?”

“పాస్టరుగారితో మాట్లాడినాను. పాపని నాలుగింటికల్లా తెమ్మన్నారు. అత్త గోరీ పక్కనే చోటిస్తారంట.”

“ఏంజీ...”

“ఇదిగో, పట్టు. నువ్వే తవ్వు, నెమ్మదిగా. నేను కొంగు పడతాను. ఆ రోజు ఒక్కసారైనా నన్ను ఎత్తుకోనివ్వలేదు కదా బావా.”