ఉమ్మేసిన ఆముదం

పొద్దున పదయింది, ముసురు ఇంకా తెరిపివ్వలేదు. ఆస్పత్రి నుంచి ఇల్లు చేరి గంట కాలేదు, అప్పుడే జొన్నరొట్టె కావాలా నీకు? సిగ్గుండాలిరా శివరాం.

మాట్లాడకు. నవ్వకు కూడా. కుట్లు లాగుతాయని డాక్టరు చెప్పాడుగా. నేను తిడతాను, నువ్వు పడుకుని విను. ఇన్నాళ్ళకి దొరికావు.

అసలు గొడవంతా ఆ రొట్టె మీదేగా! పక్కింటి హులిగెమ్మ పెట్టిందని పచ్చిమిరప కారంతో కుమ్మేసి వచ్చావు. తెల్లారి పొట్ట పట్టుకుని కూలబడ్డావు. ఇంకేముంది? మన క్యాంపులో ఎవరికి కడుపునొప్పొచ్చినా ముద్దాయి ఆ రొట్టేగా. కృష్ణా జిల్లా వదిలి ఈ రాయచూరు సీమకి వచ్చి ఇక్కడి కాలవనీళ్ళు తాగుతాం, ఇక్కడి నేల దున్నుతాం. ఇక్కడి రొట్టెని మాత్రం నమ్మం.

"అన్నం తినే పేగులకి అది అరగదే" అని మీ నాన్న తీర్పు చెప్పేశారు. నేను ఆముదం సీసా తీశాను.

హులిగెమ్మ గుమ్మంలో నిలబడి ఏమందో విన్నావా? "ఏందమ్మా గిట్లంటవ్? రొట్టెకే పడిపోతే మా ఊర్ల ఒక్కడన్న నిలబడేటోడా?" నాకు ఒళ్ళు మండింది. సరైన మాట కదా మరి, మండదూ?

నీ ముక్కు మూసి పట్టాను. మీసాలొచ్చినవాడివి, పాలపళ్ళవాడిలా మూతి బిగించావు. ఎలాగో పోశాను. అంతా నా చీర మీదే ఉమ్మేశావు. ఇదిగో మరక. కుంకుడుకాయ పెట్టి రుద్దినా పోలేదు.

మధ్యాహ్నానికి నొప్పి కుడిపక్క కిందికి దిగింది. ఒళ్ళు కాలిపోయింది. అప్పుడు కదిలాం. మీ నాన్న ట్రాక్టరు తీశారు. ఎవరూ పిలవకుండానే హులిగెమ్మ ట్రక్కెక్కి నీ తల ఒళ్ళో పెట్టుకుంది. సిరవార దాకా ప్రతి గతుక్కీ కేకే. అక్కడ్నించి బస్సు. రాయచూరు ఎప్పుడొచ్చిందో నాకు తెలీదు.

ఆ డాక్టరూ నీలాంటివాడే. "రొట్టె తిన్నాడండీ" అని నేను మొత్తుకుంటుంటే వినిపించుకోడే! నొప్పి ముందా, వాంతి ముందా? ఫస్టు ఎక్కడ పుట్టింది? బొడ్డు చుట్టూ అన్నావు. ఇప్పుడెక్కడ? వేలితో చూపించావు. ఒంటికి వెళ్ళేటప్పుడు మండుతుందా? కిడ్నీలో రాళ్ళేమోనని ఆయన అనుమానం. బండి గతుకుల్లో పడితే నొప్పి ఎక్కువయిందా? దానికి నీకంటే ముందు హులిగెమ్మే తలూపింది.

అప్పుడు నెమ్మదిగా నొక్కాడు. పళ్ళు బిగబట్టావు. చటుక్కున చెయ్యి తీసేశాడు. అప్పుడు అరిచావురా! నొక్కితే కాదు, వదిలితే! కాలవ నీళ్ళ వంతు కోసం అంతమందిని తోసినవాడివి, ఆ అరుపేమిటి?

అపెండిసైటిసట. నాకు నోరు తిరగదు.

"ఏమన్న తాపిండ్రా అమ్మా?" అన్నాడు. ఆముదం అన్నాను. ఆయన మొహం మారిపోయింది. ఎంత లోపలికి పోయిందన్నాడు. చీర కొంగు చూపించాను.

చూసి ఊపిరి వదిలాడు. "మీ కొడుకు మొండితనానికి దండం పెట్టుండ్రి. అది లోపలికి పోయింటే, ఆ వాచిన పేగు ఈ పాటికి పలిగిపోయినా పోయేది."

విన్నావా? కొట్టినా తిట్టినా పోని నీ మొండితనానికి నేను దణ్ణం పెట్టాలట!

నవ్వొద్దన్నానా. దిండు పొట్టకి అదిమి పట్టుకో. ఆఁ, అలా.

నిన్ను ఆపరేషనుకి లోపలికి తీసుకెళ్ళాక నేను ఏడవలేదురా. వరండాలో బల్ల మీద, నీ ముక్కు మూసిన ఈ వేళ్ళనే చూసుకుంటూ కూర్చున్నాను. హులిగెమ్మ ఆ చేతినే పట్టుకుని పక్కన కూర్చుంది. రొట్టె మాట ఒక్కసారీ ఎత్తలేదు. ఎత్తినా బాగుండేది.

సరే, ఎవరెవరం తిరిగొచ్చామో లెక్క చూసుకోనీ. మీ నాన్న వచ్చారు. హులిగెమ్మ వచ్చింది, అదిగో రొట్టెలు కొడుతున్న చప్పుడు. నువ్వొచ్చావు, వేలెడు పేగు తక్కువగా.

నేనా? నేనింకా ఆ వరండా బల్ల మీదే ఉన్నాను.

వస్తాలే. నువ్వు రొట్టె తినే రోజుకి వస్తాను.