మాట్లాడొద్దని సంతకం

2011 వేసవి. బోడుప్పల్‌లో ఐలమ్మ ఇల్లు. నాచారంలోని ఇంటర్నెట్ కంపెనీ నుంచి కొమురెల్లి మోడెం తీసుకుపోవడానికి వచ్చాడు.

“డబ్బా ఇప్పినవు గదా తమ్మీ, ఇంకెందుకు నిలబడ్డవు? వాడుకునే కొడుకే చర్లపల్లి జైల్ల వడ్డడు. గీ ఇంటర్నెట్టు నాకెందుకు?”

“జర మంచినీళ్లు ఇయ్యక్కా.”

“ఇగో, తాగు.”

“అక్కా... మీ తమ్ముడు ఆగయ్య వస్తే తలుపు తియ్యలేదంట గదా? వాడకట్టోళ్లు అంటున్నరు.”

“వాని పేరెత్తకు.”

“ఆయన ఏం జేసిండని?”

“తెలంగాణ కావాలె అనుకుంట నా కొడుకు విక్రమ్ పోరగాండ్లతోని తిరిగిండు, గంతే. పోలీసోళ్లు ఎతుకుతున్నరని నాగోల్‌ల దోస్తు రూంల దాసుకున్నడు. గది నాకెర్క, ఆగయ్యకెర్క. మూడో మనిషికి తెల్వది. మరి పోలీసోళ్లు సీదా రూం కాడికే ఎట్ల పోయిన్రు? సొంత మేనమామనే వట్టిచ్చిండు!”

“ఆయన చెప్పలేదక్కా.”

“నీకెట్ల ఎర్క?”

“ఊకెనే... అనుకుంటున్న.”

“ఊకెనే అనుకుంటరా? వైరు గుంజుకుంట తిరిగెటోనివి, మా ఇంటి సంగతి నీకేం తెల్సు?”

“నేను వైరు గుంజెటోన్ని గాదక్కా. ఆఫీసుల కూసుంటా. సర్కారు కాయిదాలకు జవాబిచ్చే పని నాది.”

“మరి డబ్బా కోసం నువ్వెందుకొచ్చినవు? జెప్పు.”

“మాట్లాడొద్దని సంతకం వెట్టిన.”

“ఏం సంతకం? ఎవలకు?”

“అక్కా, నాకిద్దరు ఆడపిల్లలు. జెప్తే నౌకరి పోతది. కేసు గూడ అయితది.”

“గయితే జెప్పకు. పో.”

“జెప్త. పోలీసోళ్ల తాన నుంచి ఒక కాయిదం వచ్చింది. మీద గోప్యం అని రాసున్నది. విక్రమ్ మా కంపెనీ లైన్ల మెయిలు తెరిచిండు, అది ఏ ఇంటి లైను, అడ్రసు ఇయ్యిమన్నరు. ఎందుకని అడగొద్దన్నరు. ఎవలకు జెప్పొద్దని సంతకం తీస్కున్నరు.”

“నువ్వు...”

“ఇచ్చిన. నాగోల్ అడ్రసు నేనే ఇచ్చిన. రెండు దినాలకు విక్రమ్‌ను వట్టుకున్న ఫోటో పేపర్ల సూసినంక తెల్సింది, గదెందుకో.”

“నువ్వా?”

“నేనే. ఇప్పుడు మీ తమ్ముని మీదికి వచ్చిందని ఇని, డబ్బా సాకు వెట్టుకోని వచ్చిన.”

“నెల రోజులు! నెల రోజులు నా తమ్మున్ని వాకిట్ల నిలవెట్టి తిట్టిన. నా కొడుకును వట్టిచ్చినోనికి చేతులార నీళ్లిచ్చిన. పో! నా ఇంట్ల నిలబడకు!”

“పోతున్న.”

“ఆగు.”

“అక్కా?”

“ఆ కాయిదం మీద తారీఖు ఉన్నదా?”

“ఉన్నది. టైము గూడ ఉన్నది. పదో తారీఖు, పొద్దుగాల పదకొండు గంటల పది నిమిషాలకు విక్రమ్ మెయిలు తెరిచిండని వాళ్లే రాసిన్రు.”

“పదో తారీఖు? సరిగ్గ సూసినవా?”

“నా కండ్లతోని సూసిన. ఎందుకు?”

“నా కొడుకు మీద ఏం కేసు వెట్టిన్రో తెల్సా నీకు?”

“లొల్లి జేసిండని గదా?”

“పదో తారీఖు పదకొండు గంటల పది నిమిషాలకే ఉప్పల్ల బస్సు తగలవెట్టిండని!”

“గప్పుడు ఆయన నాగోల్‌ల...”

“రూంలనే ఉన్నడని దోస్తు ఎంత జెప్పినా ఎవలు నమ్ముతలేరు. సాక్ష్యం ఏదంటున్నడు వకీలు.”

“అంటే... జడ్జి ముంగట ఆ కాయిదం సంగతి నేను జెప్పాలె.”

“ఆడపిల్లలున్నరంటివి. నేను నిన్ను ఎట్ల అడుగుదు తమ్మీ? నేనడగ.”

“నువ్వడగకక్కా. వకీలు ఇల్లెక్కడనో జెప్పు.”