కొబాకి మూడు టికెట్లు

కరీబియన్ తీరంలో ఒక హోటల్. యాత్రల టికెట్లు రాసే బల్ల వెనక నెయ్దీ, ఇవతల ఒదిలియా. పొద్దున్న పది దాటింది.

“దీవికైతే తొమ్మిదింటికి పడవమ్మా. మధ్యాహ్నం వేయించిన చేప వాళ్ళే పెడతారు. సాయంత్రం ఐదుకి మళ్ళీ అదే పడవలో వెనక్కి.”

“అదే పడవా? ఇంకోటి లేదా?”

“లేదమ్మా.”

“మధ్యలో ఎవరికన్నా వచ్చేయాలనిపిస్తే?”

“ఈదుకుంటూ రావాలి. అయ్యో, నవ్వుతారనుకున్నాను.”

“దీవి వద్దు. ఆ బొమ్మలో ఉందే, గుహలో నీళ్ళు, అది?”

“సెనోతే. బావుంటుంది. మెట్లు దిగి భూమి కిందికి వెళ్ళాలి. నీళ్ళు ఐసులా ఉంటాయి.”

“దిగడానికి ఎన్ని దారులు?”

“ఒకటే.”

“పైకి రావడానికి?”

“అదేనమ్మా. వెళ్ళిన దారినే రావాలి.”

“అదీ వద్దు. సరస్సు?”

“చిన్న పడవ. మీ ముగ్గురూ, నడిపేవాడూ. కొంగలు కనిపిస్తాయి, అదృష్టం బావుంటే మొసళ్ళు కూడా.”

“ముగ్గురం ఒకే పడవలో. వద్దు, వద్దు.”

“అమ్మా, మీకేం కావాలో మీరే చెప్పండి. అరగంట నుంచి ఉన్నవన్నీ చదువుతున్నాను, అన్నీ వద్దంటున్నారు.”

“నాకు... మనుషులు చెదిరిపోయే చోటు కావాలి.”

“అంటే?”

“జనం ఉండాలి. దారులు ఉండాలి. ఒకరికొకరు కాసేపు కనపడకపోయినా ఎవరూ ఏమీ అనుకోని చోటు.”

“తప్పిపోయే చోటా? వెళ్ళినవాళ్ళని తప్పిపోకుండా తీసుకురావడమే మా పనమ్మా.”

“తల ఎత్తకుండా చూడు. ఈత కొలను దగ్గర ఎర్ర టోపీ ఆయన ఇటు చూస్తున్నాడా?”

“చూస్తున్నారు. చెయ్యి ఊపుతున్నారు.”

“నువ్వూ ఊపు. నవ్వు. ఆ కాగితం తిప్పి నాకేదో చూపిస్తున్నట్టు చూపించు.”

“ఇదిగో. మీ ఆయనేనా?”

“మా ఆయనే, ఎవరార్దో. పక్కన గొడుగు కింద ఉన్నది నా కూతురు యారెలి. ఇంకా పదిహేను నిండలేదు.”

“ఇంత ఎండలో పొడుగు చేతుల చొక్కా వేసుకుంది, పాపం. ఒంట్లో బాలేదా?”

“ఈయన పిల్ల కాదది. మొదటాయన పిల్ల. ఆయన పోయాడు.”

“ఓ.”

“ఓ అని ఊరుకోకమ్మాయ్. నీకు అర్థమైంది. మొహంలో కనిపిస్తోంది.”

“నాకేం అర్థం కాలేదమ్మా. అయినా ఇలాంటివి పోలీసులకి...”

“ఆయనే పోలీసు. మా ఊళ్ళో కమాండర్. రెండుసార్లు ఫిర్యాదు చెయ్యడానికి వెళ్ళాను. రెండుసార్లూ వాళ్ళ కారులోనే ఇంటికి తెచ్చి దింపారు. ‘కమాండర్ గారూ, అమ్మగారు దారి తప్పారండీ’ అని.”

“అమ్మా, దయచేసి నాకివన్నీ చెప్పకండి. నేను టికెట్లు రాసుకునేదాన్ని. నాకో చంటిపిల్ల ఉంది. ఈ ఉద్యోగం తప్ప ఇంకేం లేదు.”

“పోయిన నెల యారెలి గది గడియ ఊడబీకాడు.”

“ఎవరు?”

“ఎవరంటావేంటి? ‘మన ఇంట్లో మనకి గడియలెందుకు’ అన్నాడు, నవ్వుతూ. అప్పట్నుంచీ నేను దాని గుమ్మానికి అడ్డంగా పడుకుంటున్నాను. ఎన్నాళ్ళని పడుకోను? ఒక్కసారి కన్నంటుకుంటే?”

“వస్తున్నారు.”

“ఎవరు?”

“ఆయనే. చెప్పులేసుకుంటున్నారు.”

“అయ్యో దేవుడా. ఏదో ఒకటి చెప్పమ్మా, తొందరగా. నీ పేరేంటి?”

“నెయ్దీ. కొబా అని ఉందమ్మా, మాయా జాతివాళ్ళు కట్టిన పాత గుళ్ళు. అడవంత చోటు. ఒక గుడికీ ఇంకో గుడికీ మధ్య చెట్లే. మా బావ అక్కడ సైకిల్ రిక్షా తొక్కుతాడు.”

“పాత రాళ్ళంటే ఆయనకి పడదే! దీవికే పోదామని పట్టుబట్టాడు.”

“కొబా అని ఆయన నోటి నుంచే రావాలి. మీరు వద్దనండి. ఎంత గట్టిగా వద్దంటే అంత మంచిది.”

“ఏంటి ఒదిలియా, ఇంతసేపు? ఇక్కడేమన్నా బట్టలు అమ్ముతున్నారా?”

“లేదండీ, దీవి సంగతి అడుగుతున్నాను.”

“అడిగేదేముంది, చెప్పానుగా. రాసెయ్యి పాపా. ముగ్గురికి, రేపటికి.”

“దీవే మంచిది సార్. నేనూ అదే చెబుతున్నా. పడక కుర్చీలుంటాయి, నీడ ఉంటుంది. పెద్దవాళ్ళకి హాయి.”

“పెద్దవాళ్ళకా?”

“అంటే, మోకాళ్ళకి శ్రమ ఉండదని. కొబా లాంటివి కుర్రాళ్ళకి సార్. అక్కడి పిరమిడ్‌కి నూట ఇరవై మెట్లు, గోడలా నిటారుగా. మొన్న మీలాంటి ఆయనే ఒకరు సగంలో కూలబడితే ఇద్దరు మోసుకుని దించారు.”

“నాలాంటి ఆయనంటే?”

“అంటే... మీకంటే కాస్త చిన్నే అనుకుంటాను సార్.”

“నేను రోజూ పొద్దున్న ఎనిమిది కిలోమీటర్లు పరిగెత్తుతాను. తెలుసా నీకు?”

“వద్దండీ, ఆ ఎండలో! అసలే మీకు రక్తపోటు. ఏదన్నా అయితే...”

“ఒదిలియా, నోరు ముయ్యి. కొబాకి రాయి పాపా. మూడు టికెట్లు.”

“సార్, నిజంగా చాలా ఎత్తు...”

“రాయమన్నానా?”

“రాస్తున్నా సార్.”

“బండి ఎవరిది?”

“హోటల్‌దే సార్. మొత్తం పన్నెండు మంది.”

“దారిలో ఎక్కడెక్కడ ఆగుతుంది?”

“ఎక్కడా ఆగదు సార్.”

“ఆ గుళ్ళకి గేట్లెన్ని?”

“ఒకటే.”

“చెయ్యెందుకు పాపా అలా వణుకుతోంది?”

“ఏసీ సార్.”

“ఆరుబయట కూర్చున్నావు. ఏసీ ఎక్కడుంది?”

“పొద్దున్న ఏం తినలేదు సార్. అందుకే...”

“తినాలి. పని చేసేవాళ్ళు తినాలి. చొక్కా మీద ఏం రాసుంది? నెయ్దీ ఉయికాబ్. ఏ ఊరు?”

“ఇక్కడే సార్.”

“ఇక్కడే అంటే? సముద్రంలోనా?”

“బయ్యదొలిద్ దగ్గర... చిన్న పల్లె.”

“నేను పేర్లు మర్చిపోను. నా ఉద్యోగం అలాంటిది. ఒదిలియా, పద. పిల్ల అక్కడ ఒక్కతే ఉంది.”

“మీరు నడవండి. టికెట్లు తీసుకుని వచ్చేస్తాను.”

“రెండు నిమిషాలు.”

“రెండే.”

“...వెళ్ళాడా?”

“వెళ్ళారు. వెనక్కి తిరిగి చూస్తున్నారు. నేను రాస్తూనే ఉంటాను, మీరు వింటూ ఉండండి. గేటు ఒకటే, నిజమే. కానీ మొక్కజొన్న చేల వైపు కంచె కూలిపోయి చాలా ఏళ్ళయింది. ఊరివాళ్ళంతా అటే నడుస్తారు. పిరమిడ్ దగ్గర ఆయన పైకెక్కుతారు.”

“ఎక్కుతాడు. ఇప్పుడు చచ్చినా ఎక్కుతాడు.”

“పాపకి కాళ్ళు నొప్పులని చెప్పి మీరిద్దరూ కిందే ఉండండి. పసుపు గుడ్డ కట్టిన రిక్షా వస్తుంది. మా బావ పేరు విల్బెర్త్. మిమ్మల్ని ఏమీ అడగడు, మీరూ అడగొద్దు. చేల వెనక మా చిన్నమ్మ ట్రక్కు ఉంటుంది. ధాన్యం బస్తాల మధ్య పడుకోవాలి.”

“ఎంతసేపు?”

“గంటన్నర. తర్వాత మా చిన్నమ్మ ఇల్లు. అక్కడ్నుంచి తీసుకెళ్ళడానికి మీకెవరన్నా ఉన్నారా?”

“మా మేనత్త ఉంది. ఆవిడ సంగతి ఈయనకి తెలీదు. కబురు పెడితే వస్తుంది. పై నుంచి చూస్తే మేం కనపడమా?”

“పై నుంచి చూస్తే చెట్ల తలలేనమ్మా. మనిషి కనపడడు.”

“ఎక్కుతూ ఎక్కుతూ వెనక్కి తిరిగితే?”

“ఆ మెట్ల మీద ఎవరూ వెనక్కి తిరగరు. తిరిగితే కళ్ళు తిరుగుతాయి.”

“నెయ్దీ, నీ పేరు చదివాడు. నీ ఊరు అడిగాడు.”

“విన్నాను. ఇంకో నిమిషం ఉంటే నేనే వద్దంటానేమో. టికెట్లు తీసుకోండి. వెళ్ళండి.”

మర్నాడు సాయంత్రం. అదే బల్ల.

“ఇదిగో, ఈ పిల్లే. నెయ్దీ ఉయికాబ్.”

“సార్! అమ్మా, మీరు... వచ్చేశారా?”

“ఎందుకంత ఆశ్చర్యం? మా ఆవిడ రాకూడదా?”

“అది కాదు సార్. బండి ఇంకా రాలేదనుకున్నా. పాప ఏది?”

“ఆ మాట నేను నిన్నడగాలి.”

“నా పిల్ల పోయిందే! నువ్వే కదే కొబా కొబా అని చెప్పావు! ఏ ముహూర్తాన చెప్పావో, నా పిల్ల కనపడకుండా పోయిందే!”

“అమ్మా, ఏం జరిగింది? నాకేం తెలీదమ్మా, ఒట్టు...”

“దాహమంది. నీళ్ళ సీసా కొనడానికి వెళ్ళాను. అటు వెళ్ళి ఇటు వచ్చేసరికి లేదు. యారెలీ యారెలీ అని అడవంతా తిరిగాను...”

“మూడు గంటలు అరిచింది. గొంతు చూడు, ఎలా పోయిందో. నేను అరవలేదు. నిలబడి మనుషుల్ని చూశాను. అక్కడ రిక్షాలు తొక్కేవాళ్ళు ఎంతమంది పాపా?”

“తెలీదు సార్. చాలామంది.”

“నీకు తెలిసినవాళ్ళు?”

“నేను... నేనెప్పుడూ ఈ బల్ల దగ్గరే ఉంటాను సార్.”

“అది నేనడిగినదానికి జవాబు కాదు.”

“దాన్నేం అడుగుతారండీ, టికెట్లు రాసుకునే దాన్ని! నేను చెబుతున్నా వినండి. నిన్న కొలను దగ్గర ఎవడో పడవవాడు పిల్లతో మాట్లాడాడు. దీవి గురించి. రాత్రంతా దీవికే పోదామని నా ప్రాణం తీసింది.”

“పడవవాడా? ఎవడు?”

“మొహం చూడలేదు. టోపీ పెట్టుకున్నాడు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“దాన్ని కొడతారని.”

“కొడతానని. ఊఁ. పాపా, పడవలు ఎక్కడ్నుంచి బయల్దేరతాయి?”

“ఉత్తరాన రేవు నుంచి సార్. కొబాకి పూర్తిగా వేరే దిక్కు.”

“సెక్యూరిటీ గదిలో నిన్నటి కెమెరా చూసి వస్తాను. ఒదిలియా, ఈ కుర్చీలోంచి కదిలావంటే...”

“ఎక్కడికి పోతానండీ. నాకెవరున్నారు.”

“నువ్వూ కదలకు పాపా.”

“వెళ్ళాడా?”

“లోపలికి వెళ్ళారమ్మా. ఏమైంది? మా బావ రాలేదా?”

“వచ్చాడు. పసుపు గుడ్డ. మంచివాడు నెయ్దీ మీ బావ, ఒక్క మాట మాట్లాడలేదు.”

“ట్రక్కు?”

“ఉంది. మీ చిన్నమ్మ తన శాలువా తీసి పిల్ల తల మీద కప్పింది. నేను చూస్తుండగానే.”

“అంటే పాప వెళ్ళిపోయింది.”

“వెళ్ళిపోయింది.”

“మరి మీరు? చోటు లేదా?”

“ఉంది. మీ చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని లాగింది కూడా.”

“మరి ఎందుకెక్కలేదమ్మా? ఎందుకు తిరిగొచ్చారు? చంపేస్తాడు మిమ్మల్ని!”

“మెల్లిగా మాట్లాడు. ఇద్దరం పోతే పెళ్ళాం పారిపోయిందని తెలిసిపోతుంది. గంటలో ప్రతి రోడ్డూ మూయిస్తాడు, ప్రతి రిక్షావాణ్ణీ కూర్చోబెడతాడు. మీ బావ ఎంతసేపు నోరు మూసుకోగలడు? నువ్వు ఎంతసేపు?”

“నేను...”

“అదే పిల్ల తప్పిపోయి, తల్లి పక్కన ఏడుస్తూ ఉంటే? తల్లి చూపించిన వైపే కదా వెతకాలి. రేపు దీవి చూపిస్తాను. ఎల్లుండి ఇంకోటి. మా మేనత్త నంబరు మీ చిన్నమ్మ చేతిలో పెట్టాను, శుక్రవారానికి ఆవిడ మీ చిన్నమ్మ ఇంటికి చేరుతుంది. అప్పటిదాకా ఆయన్ని తిప్పాలి. ఆయన్ని తిప్పగలిగేది నేనొక్కదాన్నే.”

“నిన్ననే అనుకున్నారా ఇది? పాపకి తెలుసా?”

“ట్రక్కు తలుపు వేశాక చెప్పాను. ముందే చెబితే దిగిపోయేది.”

“శుక్రవారం తర్వాత మీ సంగతి?”

“భయమేస్తే అది పాటలు పాడుతుంది. పిచ్చి పాటలు, పెద్దగా. మీ చిన్నమ్మతో చెప్పు, కసరొద్దని.”

“నేనడిగింది మీ సంగతి అమ్మా.”

“అది నేనింకా ఆలోచించలేదు. ఏడవకు. నెయ్దీ, కళ్ళు తుడుచుకో. తలుపు తెరుచుకుంది, వస్తున్నాడు. తిట్టు నన్ను.”

“ఏంటి?”

“నేను నీ మీద పడ్డానుగా, నువ్వూ నా మీద పడాలి. లేకపోతే అనుమానిస్తాడు. పిల్లని వదిలేసి నీళ్ళకి పోయావేంటని అడుగు. తిట్టు, గట్టిగా.”

“నా వల్ల కాదక్కా.”

“అవుతుంది. నా కూతురి కోసం. ఇంకా గట్టిగా, ఆయనకి వినపడాలి!”

“నీ... నీ పిల్లని నువ్వు వదిలేసి నన్నంటావేంటి? అడవిలో ఒక్కదాన్నే ఎలా వదిలేశావ్? నువ్వూ ఒక తల్లివేనా!”