నాలుగో గుమ్మం

పాత పట్నం చూడవచ్చిన పెద్దావిడను తిప్పుతున్న గైడు గుడిలోనూ, చర్చిలోనూ, ఇప్పుడు మసీదు గుమ్మంలోనూ కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంది.

“ఇంతకీ నువ్వు ఏ దేవుణ్ణి నమ్ముతావమ్మాయ్?”

“మా పాపకి నిన్నట్నుంచి జ్వరమండీ. ఎవరు పలికితే వాళ్ళే.”

“మరి వదిలేసి వచ్చావే?”

“ఏడుస్తూ కూర్చుంటే తగ్గుతుందా, పనికి పో అని మా అత్తయ్యే తోలేసిందండీ.”

“నేను చూసింది చాల్లే. ఇంటికెళ్ళు.”

గైడుకు ప్రాణం లేచి వచ్చింది. రెండడుగులు వేసి ఆగిపోయింది.

“ఏమైంది?”

“యూదుల మందిరం మిగిలిపోయిందండీ.”

“నాకక్కర్లేదన్నాగా.”

“మీకోసం కాదండీ. ముగ్గుర్నడిగి ఆయన్నొక్కణ్ణే వదిలేస్తే ఏమనుకుంటాడో అని భయం.”

“అయితే పద. నాకు దేవుడంటే నమ్మకం లేదు. బయట చెప్పులకి కాపలా ఉంటా, నువ్వు తీరిగ్గా అడిగి రా.”