పొగ లేచాకే పొయ్యి

దండోరా దాలయ్యకి గొంతు ఎంత పెద్దదంటే, ఊరి ఈ చివర కేకేస్తే ఆ చివర పడుకున్న గేదె లేచి నిలబడేదంట. అంత గొంతుంది గానీ, అందులో వాడి సొంత మాట ఒక్కటీ లేదు. కోటలో రాజుగారు చెప్పింది ఊళ్లో అరవడమే వాడి పని. పెళ్లాం పోయి పన్నెండేళ్లు, పిల్లల్లేరు, ఊరవతల ఒంటి పాక. వాడితో మాట్లాడేదెవరనుకున్నారు? ఎవరూ లేరు. కానీ పొద్దున్నే ఒక్కసారి మాత్రం ఊరు ఊరంతా వాడి కోసం గుమ్మాల్లో నిలబడి చూసేది. ఎందుకంటే ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉందంట. కోట వంటింట్లో పొగ లేచాకే ఊళ్లో పొయ్యి ముట్టించాలి, ముందు ముట్టిస్తే తప్పు. పొగ కనపడగానే దాలయ్య డప్పు కొట్టుకుంటూ "కోటలో పొగ లేచిందహో, పొయ్యిలు ముట్టించుకోండహో" అని తిరిగేవాడు. ఆడోళ్లు "వచ్చాడమ్మా మావ, ఇంకాస్త ఆగితే పొయ్యిలో నిన్నే పెడదుము" అని ఎకసెక్కాలాడేవారు. వాడికి ఆ రోజుకి దొరికే మాట అదే. దాన్నే తాటిబెల్లం ముక్కలాగ సాయంత్రం దాకా చప్పరించేవాడు. రాజుగారు ఆలస్యంగా లేస్తే ఊరు ఆలస్యంగా తినేది, అంతే. కూలోళ్లు ఖాళీ కడుపుతో పొలానికెళ్లేవారు. ఎవరూ ఏమీ అనేవారు కాదు. పొద్దు తూర్పునే పొడవాలని మనం అనుకోమూ, అలాగ.

ఒకరోజు ఏమైందంటే, పొగ లేవలేదు. పొద్దు బారెడెక్కింది, నడినెత్తికొచ్చింది, అయినా లేవలేదు. ఊళ్లో ఏ ఇంట విన్నా పిల్లల ఏడుపులే. అప్పుడు ఎర్నమ్మని ఒక ముసలామె దాలయ్య పాకకొచ్చింది. ఆ పాకకి మనిషి రావడం పన్నెండేళ్లలో అదే మొదలు, కూర్చోమనాలని కూడా వాడికి తోచలేదంట పాపం. "దాలయ్యా, నా కూతురు మొన్న పురుడు పోసుకుంది. పాలు పడట్లేదు. గుక్కెడు గంజి కాసి పొయ్యాలి, డప్పు కొట్టు నాయనా" అంది. పొగ లేవందే ఎలా కొట్టనమ్మా అన్నాడు. "అయితే ఎందుకు లేవలేదో కనుక్కో" అంది. కోట దగ్గరకెళ్లి అడిగితే కాపలావాడు, రాజుగారికి ఏదో మొక్కంట, మూడ్రోజులు ఉపవాసమంట అన్నాడు. "ఆయనకి మొక్కైతే బాలింతకి పస్తెందుకురా?" "ఆచారం." "అదే, ఆచారం ఎందుకు?" "ఎందుకేటి, ఆచారానికి ఎందుకుంటాదేటి? నీకు జొరమొచ్చిందా?" అని వాడు దాలయ్య నుదుటి మీద చెయ్యేసి చూశాడంట.

దారి పొడుగునా దాలయ్య ఆలోచించుకున్నాడు. కట్టెలు ఎర్నమ్మవి, నూకలు ఎర్నమ్మవి, ఆకలి ఆ బాలింతది. ఇందులో రాజుగారిది ఏముంది? వేళ్లు మడిచి చూసుకున్నాడు, రాజుగారికి చిటికెనవేలు కూడా మిగల్లేదు. ఈ మాట అరిచేద్దామని ఊళ్లోకొచ్చి డప్పు భుజాన సర్దుకున్నాడు. సర్దుకుని ఆగిపోయాడు. ఎవరి పొయ్యి వాళ్లదైపోతే, రేపు పొద్దున్న నా కోసం గుమ్మంలో ఎవరు నిలబడతారు? ఆ ఎకసెక్కమైనా ఎవరాడతారు? ఇంతలో ఎర్నమ్మ ఇంట్లోంచి పసిబిడ్డ ఏడుపు, అదీ ఓపిక లేని ఏడుపు. కొట్టాడు డప్పు. "ఎవరి పొయ్యి వాళ్లదహో, ఆకలేసినోళ్లు ముట్టించుకోండహో." జనం బయటికొచ్చి, ఇది రాజుగారి మాటేనా మావా అన్నారు. "కాదు, నాది" అన్నాడు. ఒక్కరూ కదల్లేదంట. ఎర్నమ్మ మాత్రం లోపలికెళ్లి ముట్టించింది. పొగ లేచింది. ఆకాశం ఊడి పడుతుందేమోనని అందరూ పైకి చూశారు, పడలేదు. అప్పుడు పక్కింట్లో ముట్టించారు, దాని పక్కింట్లో ముట్టించారు, అలా ఊరంతా.

రాజుగారు పిలిపించారు. "ఎవరి ఆజ్ఞరా అది?" "ఎవరిదీ కాదు బాబయ్యా, ఆలోచిస్తే అలా అనిపించింది." దండోరావాడు ఆలోచించడమేమిటని సభంతా గుసగుస. "శిక్ష వెయ్యండి బాబయ్యా. కానీ దానికీ దండోరా నేనే వెయ్యాలి గదా, ఎందుకేశారని జనం అడిగితే ఏం చెప్పను?" రాజుగారు మంత్రిని చూశారు, మంత్రి పురోహితుణ్ణి చూశాడు, ఆయన తాటాకులు తిరగేశాడు. ఏముందంటే, ఐదు తరాల కింద ఒక రాణిగారికి తలనొప్పంట, ఊరి పొగకి నిద్ర పట్టేది కాదంట, ఆవిడ లేచేదాకా ఊళ్లో పొయ్యి వద్దన్నారంట. రాణిగారు పోయి నూటయాభై ఏళ్లు. తలనొప్పికి మాత్రం ఇంకా ఊరే పథ్యం చేస్తోంది. బయట కోట గుమ్మం నిండా జనం. కడుపు నిండినోళ్లు కదా, కాళ్లలో బలముంది, కదల్లేదు. రాజుగారు వాళ్లని చూసి, సరే, ఇక మీదట ఏ ఆజ్ఞైనా కారణంతోనే చాటించాలి, కారణం లేనిది ఆజ్ఞ కాదు, అది నాకూ వర్తిస్తుంది అన్నారంట. అంతే, ఊరికి అడగడం అలవాటైపోయింది. ఈ పన్నెందుకు, ఆ బావిలో వాళ్లెందుకు తోడకూడదు, రాజు కొడుకే రాజెందుకు అని ఒకటే అడగడం. నాలుగేళ్లకి సభలో ఊరోళ్లు కూర్చున్నారు, అది వేరే రాజ్యమైపోయిందనుకోండి.

మరి దాలయ్య? రాజుగారు ఆ మాటన్న మర్నాడు పొద్దున్న అలవాటుకొద్దీ డప్పేసుకుని బయల్దేరాడు. ప్రతి ఇంటి మీదా పొగ. గుమ్మాల్లో ఎవరూ లేరు. ఊరు దాటేదాకా నడిచాడు. చివరింట్లో ఒకామె అంబలి కలుపుతూ, తల తిప్పకుండానే "ఏం మావా, ఇలాగొచ్చావు?" అంది. "ఏం లేదమ్మా" అని పాకకి పోయి తన పొయ్యి ముట్టించుకున్నాడు, ఒక్కడికి సరిపడా. బాధపడ్డాడా అంటే పడ్డాడు. మళ్లీ ఆ రోజొస్తే డప్పు కొట్టడా అంటే కొడతాడు. ఎర్నమ్మ వాణ్ణి అన్నానికి పిలుద్దామనుకుంది గానీ, మనవరాలి పనిలో పడి మర్చిపోయిందంట. మిగతావాళ్లకి ఆ ఊసే తోచలేదు. అలా మొహాలు మాడ్చుకోకండి. మీరైతే పిలిచుండేవాళ్లా? పిలిచేవాళ్లు చేతులెత్తండి చూద్దాం. అటూ ఇటూ చూడ్డమెందుకు, నేనూ ఎత్తలేదులే.