బయ్యన్న రాతిలో సముద్రం

కదిరిలో జమాల్ సాబ్ టీ అంగడి ముందు బల్ల మీద ఓబుళేసు కుదురుగా కూర్చోలేకపోతున్నాడు. వానలు మొహం చాటేసిన ఏడు అది. చేనిలో రెండు బావులు తవ్వించాడు, రెండింట్లోనూ రాయే పడింది. మూడోదానికి గడ్డపార ఎక్కడ వేయాలో పొద్దు గూకేలోగా చెప్పకపోతే మనుషుల్ని తీసుకుని ఇంకో ఊరికి పోతానని మేస్త్రీ తిప్పయ్య తెగేసి చెప్పేశాడు.

పోయిన వేసవిలో రాళ్లు పరిశీలించడానికి వచ్చిన ఆఫీసరు ఊరి చుట్టూ కాలినడకన తిరిగితే, ఆయన సంచి మోసింది బయ్యన్న ఒక్కడే. అందుకే ఓబుళేసు అతన్ని వెతుక్కుంటూ వచ్చి, మా చేని కాడ నీళ్ల సంగతి ఆఫీసరు ఏమన్నా చెప్పాడా అని అడిగాడు.

బయ్యన్నను ఒక్క మాట అడిగితే ఒక్క మాటతో పోతుందా? టీ ఊదుకుంటూ మొదలుపెట్టాడు.

"చెప్తా ఉండప్పా. కొండ కింద ఆఫీసరు ఒక రాయి పగలగొట్టి, నాలిక తగిలించి, ఇది చానా పాతదయ్యా అన్నాడు. నేనూ నాకినా. తప్పు సామీ, ఇది ఇంకో లచ్చ ఏండ్ల ముందుది అన్నా. ఆయప్ప పుస్తకం తీసి చూసుకుని నాకు దండం పెట్టినాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసునా?"

ఓబుళేసు రోడ్డు దాకా పాకిన నీడ చూసి, చేను సంగతికి రమ్మన్నాడు.

"ఆడికే వస్తాండా. ఈ నేల ఒకప్పుడు నిప్పులు కక్కిందంట. నల్లరాయి మీద కాలు పెట్టినానా, లోపల సెగ ఇంకా ఆరలే, చెప్పులు కరిగిపోయినాయి. ఆఫీసరు భయపడి నా భుజమెక్కినాడు. అట్లే మోసుకుంటా ఏడు గుట్టలు దాటినా."

"సంచీ?" అన్నాడు జమాల్ సాబ్.

"అది ఆయప్ప భుజాన. ఇంగ నీ చేని గట్టు కాడ సుత్తి విరిగింది. నేను అరచేత్తో ఒక్కటేసినా. బండ చీలింది. లోపల ఏముండాది? సముద్రం. అలలు, ఓడ, ఓడలో ఒక ముసలాయన. పొద్దెంతయిందప్పా అని నన్నే అడిగినాడు. చెప్పి, బండ మళ్లీ మూసేసి వచ్చినా."

అంగడి కాడ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఓబుళేసుకు ఒళ్లు మండింది. లేచి నిలబడ్డాడు.

"పదన్నా, ఆ బండ చూపించు. సముద్రం నాకొద్దు. మా ఇంటామె తిరుపాలమ్మ రెండు మైళ్లు నడిచి నీళ్లు మోస్తాండాది. ఒక్క బిందెడు పడితే చాలు."

బయ్యన్న మొహం చిన్నబోయింది. ఖాళీ గ్లాసే ఇంకోసారి నోటికి ఎత్తుకుని, దించాడు. ఈసారి గొంతు తగ్గింది.

"మీ చేన్లో నల్లరాయి గోడ మాదిరి అడ్డంగా పోతాది కదా. భూమిలో నీళ్లు దానికి తగులుకుని ఎగువనే ఆగుతాయి, ఆడ తవ్వితే పడొచ్చు అన్నాడు ఆఫీసరు. అంతే."

ఓబుళేసు తవ్వించిన రెండు బావులూ ఆ రాయికి దిగువనే ఉన్నాయి.

"ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదన్నా?"

"అంత చిన్న మాట ఎవరు వింటారప్పా?"

ఆ జవాబు వినడానికి ఓబుళేసు ఆగలేదు, తిప్పయ్య ఇంటివైపు పంచె ఎగగట్టుకుని పోతున్నాడు. జమాల్ సాబ్ వచ్చి ఖాళీ గ్లాసు తీసుకున్నాడు.

"బయ్యన్నా, నీ మాట నమ్మి ఒక మనిషి పరిగెత్తేది నేనిదే మొదటిసారి చూస్తాండా."