అందరూ వచ్చేరా?

నర్సీపట్నంలో కరుణకుమారి టీచరు ఇంటి అరుగు. టీచరు, పదో తరగతిలో ఇంగ్లీషు తప్పిన ఝాన్సీలక్ష్మి, ఆ పిల్ల మామ్మ అప్పయ్యమ్మ. తెల్లవారితే మళ్ళీ అదే పరీక్ష.

"అది కాదు మామ్మగారూ, ఎండుచేపలు తరవాత. ముందు మీ మనవరాలి సంగతి..."

"తరవాతంటే పిల్లి ఆగుతాదేటమ్మా? లోపలెట్టీ. నెత్తళ్ళు. ఇసక నేదు, నానే సెరిగేను."

"పెడతాను. ఝాన్సీ, ఇందాకటిది మామ్మ ముందు చెప్పు."

"ఎవ్రీబడీ లైక్స్ మేంగోస్, టీచర్."

"లైక్ అనలేదు, లైక్స్ అన్నావు. ఎందుకని?"

"ఎవ్రీబడీ అంటే అందరూ అయినా, ఒక్కరికిందే లెక్క టీచర్."

"ఓలమ్మా! అందరూ ఒక్కరేటే? సంతలో అందరూ ఒక్కరైపోతే నా గంప ఎవుడు కొంటాడే?"

"ఇంగ్లీషువాళ్ళు ఒక్కొక్కళ్ళనీ విడివిడిగా చూసుకుంటారండీ. ఇతనున్నాడా, ఉన్నాడు. అతనున్నాడా, ఉన్నాడు. ఒక్కడు తగ్గినా ఎవ్రీబడీ అనడానికి లేదు."

"అలగైతే మా రేవు మాటే. పడవ ఒడ్డుకొస్తే మా ఆడోళ్ళం మొగుడి పేరెట్టి అడగం. పేరెడితే సంద్రం ఇనీస్తాది. 'అందరూ వొచ్చేరా' అనే అడుగుతాం. ఆళ్ళు నీళ్ళల్లోంచే కేకేస్తారు."

"ఏమని?"

"ఏదో అంటార్లే. టీ నీళ్ళు పోయవేటమ్మా?"

"పోస్తాను. ఝాన్సీ, ఇదిగో ఇది. ఎవ్రీబడీ డాష్ కమ్ బ్యాక్. హేజా, హేవా?"

"తలనొప్పిగా ఉంది టీచర్."

"నోబడీ నోస్ చెప్పావు. ఈచ్ ఆఫ్ ద బాయ్స్ హేజ్ చెప్పావు. దీని దగ్గరకొచ్చేసరికే తలనొప్పా?"

"ఇంకోటి అడగండి టీచర్."

"చూశారా మామ్మగారూ? మార్చిలోనూ ఇంతే. పిక్నిక్కి వెళ్ళిన పిల్లలందరూ తిరిగొచ్చారని పేపర్లో ఇచ్చారు. అక్కడ పెన్ను ఆగింది. ఆ తరవాత పేజీలన్నీ ఖాళీ. నర్సు ట్రైనింగుకి మాట్లాడి ఉంచాను. ఈసారీ తప్పితే ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు."

"గుంట మొండిదమ్మా. ఆళ్ళ నాన్న పోలిక."

"లోవరాజు గారు కూడా ఇలాగే..."

"పేరెత్తకమ్మా తల్లీ! ఇంకా రానోడు."

"ఇంకా రావడమేంటండీ? తుపాన్లో పడవ పోయిందన్నారు. ఏళ్ళయిపోయింది కదా."

"పడవ పోనాది. మిగిలినోళ్ళు ఈదుకొచ్చీసేరు. ఆడు ఇంకా రానేదు. ఏ ఒరిస్సా ఒడ్డున పడ్డాడో, ఏ జైల్లో ఎట్టేరో... వొస్తాడు."

"మామ్మా, సెప్పీనా?"

"ఏటే సెప్పేది? నోర్ముయ్!"

"నాకు రాక కాదు టీచర్. 'అందరూ వొచ్చీసేరు' అని ఎవులైనా అంటే ఇంక లెక్క తీరిపోయినట్టే. రానోడి కోసం ఎవులూ సూడరు. ఆడి పెళ్ళాం గాజులు తీసేస్తారు. ఆ మాట మా ఇంట్లో ఎవులి నోటా రాకూడదని, మామ్మ నా సెయ్యి దాని నెత్తినెట్టుకుని ఒట్టేయించింది."

"ఇంగ్లీషులో కూడానా, ఝాన్సీ?"

"మాకు రాదు గానీ టీచర్, సంద్రానికి ఇంగ్లీషు వొస్తాదేమో."

"నానన్నది నోటి మాటే! కాయితం మీద రాయొద్దన్నానేటే?"

"రాసీది నా సెయ్యే కదేటి మామ్మా? ఆ సేత్తో ఇంటికొచ్చి అమ్మ మొకం ఎలా సూసీది?"

"నాన్న తప్ప అందరూ వచ్చారని రాయొచ్చు ఝాన్సీ. ఎక్సెప్ట్ మై ఫాదర్. కానీ పరీక్షలో అంత చోటివ్వరు."

"ఎంత సోటిస్తారమ్మా?"

"ఒక్క మాటకి, మామ్మగారూ."

"ఒక్క మాటకే."

"మామ్మా, ఏడవకే. నాకు నర్సూ వొద్దు, గిర్సూ వొద్దు. నీతో పాటు గంపెత్తుతాను."

"ఏడుపెవులికే? నెత్తళ్ళ సేత్తో కళ్ళు నులుముకున్నాను. ఆ రోజు ఒడ్డున నిలబడి అడిగింది నానే టీచరమ్మా. అందరూ వొచ్చేరా అని. ఎవుడూ కేకెయ్యనేదు. ఇప్పటికీ ఎయ్యనేదు. నాను సేపలకి ఎళ్ళినప్పుడల్లా ఆళ్ళు నన్ను సూసి తలకాయలొంచుకుంటారు. నా కోసం రేవు రేవంతా నోరు కట్టుకుంది."

"మామ్మగారూ..."

"ఎలగనాలమ్మా ఇంగ్లీషులో?"

"ఎవ్రీబడీ హేజ్ కమ్ బ్యాక్."

"ఎవిరీ... నాకు నోరు తిరగదు. ఒలే, ఇటు సూడు. ఆ ఒట్టు తీసి గట్టు మీదెట్టు. అందరూ వొచ్చీసేరే. రాసీ."

"మామ్మా!"

"రాసీసి బేగి ఇంటికొచ్చీ. గాజులు తీసేకాడ మీ అమ్మ సేతులు నానొక్కదాన్నీ పట్టుకోలేను."